మిల్లు వీధి లైను

మా పొరుగింటి వింకోకి నిజాయితీ ఒక జబ్బు. కాఫీ కొట్లో ఎవరైనా తన కాఫీకి డబ్బులిస్తామన్నా ఒప్పుకునేవాడు కాదు. కరెంటు ఆఫీసులో ఏ లైను నడవాలో, ఏది ఆగాలో చూసే పని అతనిది.

ఏ గండం ముంచుకొచ్చినా ఆసుపత్రులు, నీళ్ల పంపులు, ఫోన్ టవర్లు ఆగకుండా ముందే ప్రణాళిక వేసుకోవాలని ఐరోపా చట్టం వచ్చింది. ఏ లైన్లు నిలబెట్టాలో తేల్చడానికి వింకో ఆఫీసులో మీటింగు పెట్టారు.

"మీ అమ్మ ఆక్సిజన్ యంత్రం మీద ఉంది కదయ్యా, మీ మిల్లు వీధిని కూడా కలుపుదాం" అన్నాడట పై అధికారి.

"వద్దు సార్. సొంతింటికి చూసుకున్నాడంటారు."

ఆ సంగతి విని వాళ్లమ్మ మిల్కా ముక్కుకి గొట్టంతోనే నవ్వింది. "నేను ఊపిరి పీల్చినా వీడికి లంచం కిందే లెక్క!"

నేను నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది.

ఫిబ్రవరిలో మా స్లొవేనియా కొండల మీద మంచువాన పడింది. చినుకు పడ్డచోటే గడ్డకట్టింది. ఆ బరువుకి చెట్లు కూలి, తీగలు తెగాయి. మిగిలిన కరెంటు ప్రణాళికలో ఉన్న లైన్లకే చాలుతుంది. మధ్యాహ్నం వింకో ఫోన్ చేశాడు.

"పిన్నీ, మన వీధి ఆపేస్తున్నా. అమ్మకి సిలిండరు పెట్టు. ఫైర్ స్టేషన్‌లో జనరేటరుంది, అక్కడికి చేర్చు."

"ఆపకురా! దారంతా చెట్లే. అంబులెన్సు కూడా రాదు!"

"ఆసుపత్రిలో ఇలాంటివాళ్లు వార్డు నిండా ఉన్నారు పిన్నీ." ఏడుస్తున్నాడు. "నన్నేం చెయ్యమంటావు?"

దీపం ఆరిపోయింది.

ఊరి కుర్రాళ్లు రంపాలతో దారి కోసుకుంటూ వచ్చారు. తలుపు ఊడదీసి, దాని మీద మిల్కాని పడుకోబెట్టి మోశాం. కాళ్లు జారుతున్నాయి. సిలిండరు అయిపోవస్తోంది. దేవుడా, ఇంకొంచెం దూరం అని నేను పైకే మొత్తుకుంటున్నాను.

"పులుసు పొయ్యి మీదుంది. వాడొస్తే పెట్టు" అంది మిల్కా. చర్చి దాటేసరికి ఆమె చెయ్యి నా చేతిలో బరువెక్కింది. ఫైర్ స్టేషన్ దీపాలు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయి.

ఆసుపత్రిలో కరెంటు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఊరంతా వింకోని మెచ్చుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీడు రచ్చ గెలిచి ఇల్లు పోగొట్టుకున్నాడు.

మంచు కరిగాక మళ్లీ మీటింగు పెట్టారు. మిల్లు వీధిని కలపమని వింకోయే అడిగి కలిపించాడు. ఆ మాట నాకు వచ్చి చెప్పాడు.

"ఇప్పుడెందుకురా? మన వీధిలో యంత్రం మీద ఎవరున్నారని?"

"ఇప్పుడైతే ఎవరూ ఏమీ అనరు పిన్నీ" అన్నాడు.