మా ఇంటి ఓటీ

మా వీధి చివర కట్టే కొత్త ఇంటి గోడలకు పొద్దున్నే నీళ్లు కొడుతుంటే, ఆ తడి సిమెంటు వాసనకు నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోతాను. అది మా నాన్న చొక్కా వాసన. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే పని ఆయనది. షిఫ్టు అయిపోయినా ఇంటికి రాకపోతే "నాన్న ఓటీ చేస్తున్నాడు" అనేది అమ్మ. మర్నాడు పొద్దున బూడిదరంగు కనుబొమ్మలతో, నూనె ఓడే కాగితం పొట్లంలో బస్టాండు బోండాలు, అల్లం పచ్చడి పట్టుకుని వచ్చేవాడు. ఓటీ అంటే బోండాలు పంచిపెట్టే చోటని నేను గట్టిగా నమ్మాను. సండే స్కూల్లో టీచరమ్మ బైబిలు పాత నిబంధనను బోర్డు మీద ఓ.టి. అని రాస్తే, అందులోని మోషే ప్రవక్త కూడా మా నాన్నతో కలిసి డ్యూటీ చేశాడనుకుని ఎంత మిడిసిపడ్డానో!

నాకు ఆరేళ్లప్పుడు, మిరపకాయ కోతల్లో అమ్మ కడుపునొప్పితో చేలోనే పడిపోయింది. నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాయనమ్మ నన్ను బస్సులో తీసుకెళ్లేసరికి, ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన నాన్న దుమ్ము ఒంటితోనే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బతుకుతుందని చెప్పలేమంటూ డాక్టరమ్మ అప్పటికే ఆయనచేత సంతకం పెట్టించుకుందని నాకు తెలియదు.

"అమ్మ ఏది నాన్నా?"

"ఓటీలో ఉందమ్మా."

నేను చప్పట్లు కొట్టాను. "అయితే అమ్మ కూడా బోండాలు తెచ్చుద్దా?"

నాయనమ్మ నా నోరు మూయబోయింది. నాన్న ఆమె చెయ్యి ఆపి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "తెచ్చుద్దమ్మా, తెచ్చుద్ది" అన్నాడు. కన్నీళ్లకు ఆయన బుగ్గల మీది సిమెంటు చారలు కట్టింది. కంట్లో దుమ్ము పడిందేమోనని నేను ఊదాను.

మూడో రోజు మమ్మల్ని లోపలికి రానిచ్చారు. అమ్మ లేవలేకపోతోంది. అయినా దిండు పక్కనున్న పొట్లాన్ని మెల్లగా నా వైపు జరిపింది.

"ఓటీ చేసొచ్చానే బుజ్జీ, తిను."

ఒక్కటి కూడా ఎవరికీ పెట్టకుండా అన్నీ నేనే తినేశాను.

నాన్న ఓటీ అంటే ఓవర్‌టైమని, ఆసుపత్రి ఓటీ అంటే ఆపరేషన్ చేసే గది అని తొమ్మిదో తరగతిలో తెలిసింది. ఆ రోజు బడి నుంచి వచ్చి, పొయ్యి దగ్గరున్న అమ్మను వెనకనుంచి చుట్టుకుని బోరున ఏడ్చాను. ఇప్పుడు నాన్న లేడు, ఆయన పని యంత్రాలు చేస్తున్నాయట, హైవే వెడల్పు చేసినప్పుడు బోండాల బండీ పోయింది. ఏడవాల్సిన రోజుల్లో నన్ను కడుపునిండా బోండాలు తిననిచ్చినందుకు, వాళ్లిద్దరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.