బట్టీలో కారు దీపాలు

మా ముత్తాత ఉపదేశి. కొల్లూరు లంకల్లో ఊరూరికీ పడవ మీద వెళ్ళి బైబిలు చదివి వినిపించినవాడు. మా తాత తెనాలిలో హెడ్మాస్టరు. చుట్టుపక్కల ఎక్కడ దస్తావేజు రాసుకున్నా సాక్షి సంతకానికి ఆయన్ను పిలిచేవారు. ఆయన సంతకం పడ్డాక రెండో సాక్షి కోసం ఎవరూ వెతికేవారు కారట. మా నాన్నగారు చనిపోయేవరకూ సంఘ కమిటీకి కార్యదర్శి. ఆయన తర్వాత ఆ కుర్చీ నాకు వచ్చింది.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. లేదు, కొంత గొప్ప కోసమే చెబుతున్నాను. కానీ ఇది తెలియకపోతే నేను చేసిన పని బరువు మీకు తెలియదు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఎనిమిదేళ్ళ క్రితం పదిమంది ముందు తప్పుడు సాక్ష్యం చెప్పాను. ఒక కేకు గురించి. నవ్వొస్తే నవ్వండి. ఎనిమిదేళ్ళుగా అది నా గుండె మీదే ఉంది. ఇవాళ రాయడానికి కూర్చుంటే భయం వేస్తుందనుకున్నాను. వేయడం లేదు. చేయి నాకంటే ముందు పరిగెడుతోంది.

కారుతో మొదలుపెట్టాలి. అప్పటికి మా పొలం లేదు. ఇల్లు ఉంది గాని సగం గదులు తాళం వేసి ఉండేవి. మిగిలిన ఒకే ఒక హోదా నాన్నగారు కొన్న తెల్లకారు. ఆదివారం చర్చి గేటు పక్కన మొదటి చోటు దానిది. ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఆ చోట ఇంకొకరు బండి పెట్టేవారు కారు. ఆ ఏడు రేపల్లె నుంచి ఒక చేపల చెరువుల కాంట్రాక్టరు మా సంఘంలోకి వచ్చాడు. మనిషి మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు. అతని కొత్త కారు ముందు దీపాల్లో రెండు తెల్లటి వలయాలు ఉండేవి. పట్టపగలు కూడా వెలుగుతూ ఉండేవి. ఒక ఆదివారం అతను నా కారు ముందు వంగి, పచ్చబారిన దీపాల్ని చూసి, "అన్నయ్యగారూ, బండికి శుక్లాలు ముదిరినట్టున్నాయండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు.

ఆ వలయాలు నాకూ కావాలి. ఇంత సిగ్గులేని కోరిక నాకు అంతకుముందు పుట్టలేదు. మెకానిక్ దగ్గరికి వెళ్ళి అడగడానికి ముఖం చెల్లలేదు. కుర్రకారు పెట్టించుకునే సోకు అది. కమిటీ కార్యదర్శి అడిగితే ఆ మాట సాయంత్రానికల్లా తెనాలంతా తిరుగుతుంది. అందుకని ఫోన్‌లో తెప్పించుకున్నాను. పెట్టె రాగానే గది తలుపు వేసుకుని విప్పాను. రెండు వలయాలు, చూడటానికి గాజుల్లాగే ఉన్నాయి. పాత స్కూటర్ బ్యాటరీకి తగిలించాను. వెలిగాయి. ఎంత తెలుపు! నలభై ఏడేళ్ళ మనిషిని, రెండు చేతులకీ వాటిని తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలియదు.

ఎలా బిగించాలో వీడియోల్లో చూసి నేర్చుకున్నాను. కారు దీపం ముందు మూతని నల్లటి రబ్బరు జిగురుతో అతికిస్తారు. దీపాన్ని మొత్తంగా ఓవెన్‌లో పెట్టి, మరీ ఎక్కువ కాకుండా వేడి చేస్తే ఆ జిగురు మెత్తబడుతుంది. అప్పుడు మూత ఊడదీసి, లోపల వలయం అమర్చి, తీగ వెనక నుంచి లాగి, మళ్ళీ మూయాలి. అంతే. మా ఇంట్లో ఓవెన్ లేదు. కానీ ఓవెన్ ఎక్కడుందో మా సంఘంలో పసిపిల్లలకు కూడా తెలుసు.

డిసెంబరు మూడోవారం మా వాళ్ళంతా ఇళ్ళలో కేకు పిండి కలుపుకుని, గిన్నెల మీద ఇంటిపేర్లు రాసి, కోటయ్య బేకరీకి తీసుకెళ్ళేవారు. కోటయ్య మా మతం వాడు కాదు గాని మా క్రిస్మస్ ఆయన చేతి మీదుగానే జరిగేది. ఇటుకల బట్టీ, దానికో బరువైన ఇనుప తలుపు. తెల్లారగట్ల రొట్టెలు కాల్చి, మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచేసి, మూడింటికి వచ్చి ఓ మూల కాసిని కట్టెలు ఎగదోసి కేకులు పెట్టేవాడు. ఆయన మా తాత దగ్గర చదువుకున్నాడు. నన్ను బాబుగారూ అనేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను మాత్రం కోటయ్యా అనేవాణ్ణి, నువ్వు అనేవాణ్ణి.

ఇంకొకటి చెప్పాలి. నలభై ఏళ్ళ పొగకి ఆయన ముక్కు పనిచేయడం మానేసింది. కేకు ఉడికిందో లేదో రంగు చూసి, చీపురుపుల్ల గుచ్చి చెప్పేవాడు. వాసన మాత్రం తెలిసేది కాదు. ఆ విషయం దాచుకునేవాడు కూడా కాదు.

శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. దీపాల్లేని కారుని పెరట్లోనే ఉంచి ఆటోలో. పక్కన గోనెసంచి, సంచిలో ఊడదీసిన రెండు దీపాలు, వలయాలు, స్కూటర్ బ్యాటరీ. గిన్నెల దగ్గర నేను కూర్చుంటానని, భోంచేసి రమ్మని కోటయ్యతో చెప్పాను. కార్యదర్శిగారే కాపలా ఉంటానన్నందుకు ఆయన పొంగిపోయాడు. తన స్టూలు కండువాతో తుడిచి వేసి మరీ వెళ్ళాడు.

ఆ గంటన్నర నా జీవితంలో ఎంత సంతోషంగా గడిచిందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారేమో. అయినా చెబుతాను. బట్టీలో పొద్దుటి వేడి ఇంకా ఉంది. రొట్టెల పార మీద మొదటి దీపం పెట్టి లోపలికి తోశాను. గోడమీద గడియారం చూస్తూ నిలబడ్డాను. బయటికి తీసి మూత సందులో స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే, జిగురు పనసపాల లాగా సాగింది. మూత వచ్చేసింది! మా ఇంట్లో మగవాళ్ళ వేళ్ళకి సిరా తప్ప ఇంకో నలుపు అంటలేదు. నా పది వేళ్ళూ నల్లబడ్డాయి. ఇంత బాగుంటుందని మా నాన్నగారికి ఎవరూ ఎందుకు చెప్పలేదో అనుకున్నాను. రెండో దీపాన్ని బట్టీలోకి తోసి, మొదటిదాంట్లో వలయం కూర్చాను. స్కూటర్ బ్యాటరీ వెంట తెచ్చుకున్నాను కదా, తగిలించి చూశాను. దీపం లోపల తెల్లటి చక్రం. కాస్త అటు తిప్పి చూశాను, కాస్త ఇటు తిప్పి చూశాను.

వాసన వస్తే గాని రెండోది లోపల ఉందని గుర్తు రాలేదు.

అడుగున ఒక మూల కరిగి జారిపోయింది. నల్లటి ప్లాస్టిక్కు, రబ్బరు జిగురు కలిసి ఇటుకల మీద కారి, సందుల్లోకి దిగాయి. స్క్రూడ్రైవర్‌తో గీకాను. పైది వచ్చింది. లోపలికి దిగింది రాలేదు. తడిగోనెతో తుడిచాను. కిటికీలు తీశాను. దీపం మాత్రం ఇంకా బాగానే ఉంది, మూత చెక్కుచెదరలేదు. రెండో వలయం పెట్టేశాను, జిగురు వేడి మీద ఉండగానే మూతలు రెండూ నొక్కేశాను. కోటయ్య వచ్చేసరికి స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాను. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

ఆయన కట్టెలు ఎగదోశాడు. బట్టీ వేడెక్కింది. సందుల్లో ఉన్నది రాజుకుంది. ఆయన ముక్కుకి ఏం తెలుస్తుంది? నాకు తెలిసేది, కాని నేను అక్కడ లేను. ఇంట్లో కారుకి దీపాలు బిగించుకుంటున్నాను.

మర్నాడు ఆదివారం. చర్చి గేటు పక్కన మొదటి చోటులో నా కారు ఆగింది. రెండు వలయాలూ వెలుగుతున్నాయి. రేపల్లె కాంట్రాక్టరు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆపరేషన్ ఎక్కడ చేయించారని అడిగాడు. గుంటూరులో అన్నాను. ఆ ఉదయం నా వెన్ను ఎంత నిటారుగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆరాధన అయ్యేసరికి వరండాలో గొడవ. ఎవరింటి కేకు నోట్లో పెట్టినా వాసనే. కోటయ్య కబురు అందుకుని, ఒక కేకు చేత్తో పట్టుకుని తనే వచ్చాడు.

"కట్టెలు కలిసొస్తాయని టైరు ముక్కలు తగలేశావంట గదయ్యా," అంది ఒక పెద్దావిడ. "ఏడాదికొక్క పండగ. పిల్లలు ఉమ్మేస్తున్నారు."

"నా పిల్లల మీద ఒట్టండి, టైరనేది నా కొట్టు గడప తొక్కలేదండి," అన్నాడు కోటయ్య. తర్వాత నన్ను చూశాడు. ముఖంలో ధైర్యం వచ్చింది. "బాబుగారూ, నా ముక్కు సంగతి మీకు తెలుసు కదండీ. మీరు చూసి చెప్పండి. మీరేదంటే అదేనండి."

కేకు ముక్క తుంచి ఇచ్చాడు. వాసన చూశాను. అది నా పెరట్లో, నా గోనెసంచిలో, నా వేళ్ళ మీద ఉన్న వాసన.

"వస్తోంది కోటయ్యా."

"ఏం వాసనండి?"

"రబ్బరు కాలిన వాసన."

"అంటే టైరేనాండి?"

అక్కడ ఒక్క క్షణం దొరికింది. అది చాలా పెద్ద క్షణం. కాంట్రాక్టరు నా పక్కనే ఉన్నాడు. గేటు దగ్గర నా దీపాలు వెలుగుతున్నాయి.

"అలాగే ఉంది," అన్నాను.

కోటయ్య తల ఊపాడు. "మీరన్నారంటే ఉంటుందండి. కట్టెల్లో ఏదో కలిసొచ్చుంటుంది," అని కేకు మళ్ళీ కాగితంలో చుట్టుకున్నాడు. రెండో సాక్షి కోసం ఎవరూ వెతకలేదు.

ఎందుకన్నాను? ఎనిమిదేళ్ళుగా ఇదే ప్రశ్న. ఆయన మీద నాకు కోపం లేదు. నిజం చెబితే నన్ను ఎవరైనా కొట్టేవారా? కమిటీలోంచి తీసేసేవారా? ఏమీ లేదు. నవ్వేవారు. ముసలితనం ముంచుకొస్తుంటే సోకు దీపాల కోసం కేకుల బట్టీలో దూరాడట అని ఒక వారం నవ్వేవారు, అంతే. ఆ వారం రోజుల నవ్వుకి భయపడి ఒక మనిషి నలభై ఏళ్ళ పేరు తీసేశాను. నా అబద్ధాన్ని జనం నమ్మారని కాదు నా బాధ. తన పొయ్యిలో ఏం వేశాడో తనకు తెలిసి కూడా, కోటయ్య నమ్మాడు. మా ఇంట్లోనూ కేకు అదే వాసన. మా ఆవిడ చూస్తోందని రెండు ముక్కలు తిన్నాను.

తర్వాతి ఏడు మా వాళ్ళంతా మెయిన్‌రోడ్డులో కరెంటు ఓవెన్ ఉన్న బేకరీకి మారారు. కోటయ్య కట్టెల అడితి మార్చాడు, బట్టీలో ఇటుకలు మార్పించాడు. గిన్నెలు మాత్రం తిరిగి రాలేదు. మూసేసి బాపట్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

రెండు నెలల క్రితం బాపట్ల మీదుగా వెళ్తూ రైల్వేగేటు పడితే కారు ఆపాను. పక్కన చిన్న బడ్డీ, వేరెవరో కాల్చిన రస్కులు, బిస్కెట్లు. బడ్డీలోంచి కోటయ్య లేచి వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, కారుని చూసి ముచ్చటపడ్డాడు. దీపాలు భలే ఉన్నాయన్నాడు. ఎవరు చేశారని అడిగాడు. ఆ మాట అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో చాలామంది. అందరికీ గుంటూరు అనే చెప్పాను. ఆయనకి మాత్రం నేనే అన్నాను. నోరు దానంతటదే అనేసింది. ఎలా విప్పారండీ అన్నాడు. వేడి చేసి అన్నాను. ఎక్కడ అని అడుగుతాడేమో, అడిగితే బాగుండునేమో. ఆయన వంగి ఎడమ దీపాన్ని చేత్తో తడిమాడు. కింద కరిగి జారిన మూల దగ్గర వేలు ఆగింది. వేడి గురించి ఆ మనిషికి తెలియనిది లేదు. గేటు ఎత్తారు, వెనకనుంచి హారన్లు. ఒక రస్కు పాకెట్టు కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

తెలిసిందా? తెలియదా? నాకు తెలియదు. ఆయన అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు అనుకోవడం కూడా ఒక దొంగతనమే. కాబట్టి ఎవరూ అడగకుండానే చెబుతున్నాను. కోటయ్యగారి బట్టీలో. మీ బట్టీలోనే కోటయ్యగారూ, మీరు భోజనానికి వెళ్ళినప్పుడు. టైరు కాదు, కట్టెలు కాదు, మీ తప్పు ఏమీ కాదు. నేను.

రాసేశాను. ఇది క్షమాపణ అని అనను, అడిగే అర్హత లేదు. ఒంట్లో ఏదో పరుగు మాత్రం ఉంది, ఆ రోజు మొదటి మూత ఊడి వచ్చినప్పుడు ఉన్నటువంటిదే.

లంకపొలం నాన్నగారు అమ్మారు. తెనాలి ఇల్లు నేను అమ్మాను. కారుని కిందటి నెల రేపల్లెలో అమ్మాను, దీపాలతో సహా. కోటయ్యగారి బట్టీ ఇనుప తలుపు చాలా ఏళ్ళ క్రితమే పాత ఇనుము కింద తూకానికి అమ్ముడుపోయింది.