ఐలవ్వకు తోడు

సిరిసిల్ల నేతగాళ్ల వాడలో ఐలవ్వ ఒక్కతే గడప దాటదు. ఉప్పు ప్యాకెట్ కొనాలన్నా పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. చెవులు చిల్లులు పడే మరమగ్గాల మధ్య ముప్పై ఏళ్లు కండెలు చుట్టిన మనిషి, వీధి మలుపు దగ్గరకొచ్చేసరికి "నాకు భయమైతుంది, జర తోడు రా" అంటుంది.

తోడు పోయినవాళ్లు మాత్రం పోయినట్టు తిరిగి రారు. ఆమె పన్ను పీకించుకుంటానని పోతే, వెంట పోయిన భూమన్న రెండు పళ్లు తక్కువై వచ్చాడు. కళ్ల పరీక్షకు పోతే అంజన్నకు అద్దాలొచ్చాయి. ఐలవ్వ పళ్లూ కళ్లూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆమె గొంతు వినబడితే కుక్కలు కూడా పక్క వాడకు పోతాయని చెప్పుకునేవాళ్లు.

పక్కింట్లో బీడీలు చుట్టే నర్మద తప్పించుకోలేకపోయింది. మూడు నెలలుగా ఆమెకు వేళ కాని వేళ రక్తం కనబడుతోంది. ఎవరికీ చెప్పలేదు. చీరలు ఉతికి ఆరేసుకుంటోంది, అంతే. రెండిళ్లకూ దండెం ఒక్కటే.

"కరీంనగర్‌ల నాకు గర్భసంచి పరీక్షుంది నర్మదా. ఒక్కదాన్నే పోతే బస్సులనే పానం పోతది," అంది ఐలవ్వ.

ఆసుపత్రిలో నర్సు మమతారాణి నర్మదను ముందు బల్ల ఎక్కించింది. ఆమెకు నొప్పి కాలేదంటేనే తాను ఎక్కుతానని ఐలవ్వ గోడకు అతుక్కుపోయింది.

పది రోజులకు ఇద్దరూ మళ్లీ పోతే నర్మద ఫలితం వచ్చింది. గర్భసంచి ముఖద్వారంలో హెచ్‌పీవీ అనే వైరస్ ఉందని డాక్టరమ్మ చెప్పింది. చాలామందికి సోకుతుంది, చాలామందిలో ఏడాది రెండేళ్లకు దానంతటదే పోతుంది. నర్మదలో పోలేదు. ఏళ్ల తరబడి అక్కడే ఉండి కణాలను మార్చేసింది. ఇంకా క్యాన్సర్ కాలేదు. వదిలేస్తే కావచ్చు.

ఆ వైరస్ ఆడా మగా కలయికతో వస్తుందన్న మాట దగ్గరే నర్మద ఆగిపోయింది. భర్త లక్ష్మణ్ దుబాయ్ పోయి నాలుగేళ్లయింది.

"ఈ కాయితం ఆయన చూస్తే నన్ను ఏమనుకుంటడు అత్తా? చింపేస్త. నాకు ఏ మందూ వద్దు."

ఎన్నో ఏళ్ల కింద సోకింది కూడా ఇప్పుడు బయటపడుతుందని, ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదని డాక్టరమ్మ నచ్చజెప్పింది. నర్మద తల ఎత్తలేదు.

ఐలవ్వ మెల్లగా అంది: "మా చెల్లె గూడ గిసొంటి కాయితమే దాసింది. బియ్యం డబ్బాల. రోగం ముదిరి ఇంటినిండ వాసనొచ్చినంక మాకు తెలిసింది. దవాఖానకు ఒక్కతే పోయింది బిడ్డా, ఒక్కతే వచ్చింది."

ఐలవ్వ ఆ కాయితం మడిచి నర్మద ఒళ్లో పెట్టింది.

"చింపుతే చింపు. నాకైతే ఒక్కదానికి బస్సెక్కాల్నంటె భయం. నీ మందయ్యేదాక ఈడనే కూసుంట."

కూర్చుంది కూడా. నర్మద కాయితం చింపలేదు. ఆ వారమే నర్మదకు ముఖద్వారం మీద పాడైన పొర తీసేశారు. బయటికొచ్చాక నర్మదకు గుర్తొచ్చింది. ఐలత్త పరీక్ష ఏమైందని నర్సును అడిగింది.

మమతారాణి నవ్వాపుకోలేకపోయింది. "ఆమెకు గర్భసంచి మొత్తం తీసేసి పదిహేనేండ్లాయె. ఈ ఒక్క ఏడాదిలనే పరీక్షకు రావడం ఇది తొమ్మిదోసారి. తొమ్మిదిసార్లూ తోడు మాత్రం వేరే వేరే మనిషి."

ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాల్సిన రోజున నర్మద చెప్పకుండా తానొక్కతే బయలుదేరింది. బస్సెక్కేసరికి కిటికీ పక్కన ఐలవ్వ, సంచీలో అటుకులతో సహా.

"ఇయ్యాల నేనొక్కదాన్నే పోత అత్తా. నాకు భయం పోయింది."

"నీకు పోయింది," అంటూ ఐలవ్వ జరిగి చోటిచ్చింది. "నువ్వు పోతే ఇంటికాడ నేనొక్కదాన్ని ఎట్లుండాలె?"