తాడిచెట్టంత మనిషి కోటు

మా ఆయన దర్జీ. కత్తెర పట్టిన ఇరవై ఆరేళ్లలో పరాయివాళ్ల గుడ్డలో ఒక్క ముక్క ఉంచుకోలేదు. కత్తిరించగా మిగిలిన పేలికలు కూడా మూటకట్టి ఇచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది. కాజాలు కుట్టి కుట్టి నా వేళ్లు తూట్లు పడుతుంటే, ఈయనగారికి మంచిపేరు కావాలి.

ఫ్యాక్టరీలు మూతపడ్డాక కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లే లేకపోయారు. చిరిగిన కాలరు తిప్పి కుట్టమనేవాళ్లు, నాన్న ప్యాంటు కొడుక్కి కుదించమనేవాళ్లు వచ్చారు. కొన్నాళ్లకు వాళ్లూ ఇంట్లోనే సూది పట్టారు. కుట్టించుకుని తీసుకెళ్లని బట్టలు మాత్రం దుకాణం గోడకు వేలాడుతూనే ఉన్నాయి. 'మూడు నెలలు దాటితే మా పూచీ లేదు' అని బోర్డయితే రాయించాం గానీ, ఈయన దాన్ని ఏనాడూ పాటించలేదు.

వాటిలో ఒక గుమాస్తా నల్లకోటు ఉంది. తాడిచెట్టంత మనిషి, ఆ కోటు గుడ్డలో ఇద్దరు పిల్లలకు ప్యాంట్లు వస్తాయి. ఏడాది దాటినా అతను ఇటువైపు రాలేదు.

ఒకరోజు ఒకావిడ తన పిల్లలకు బడి ప్యాంట్లు కావాలంది. గుడ్డ కూడా మమ్మల్నే చూడమంది. మా ఇంట్లో రెండు పూటలుగా పొయ్యి వెలగలేదు.

"ఆ నల్లకోటు విప్పండి," అన్నాను.

"పరాయివాళ్ల సొమ్మే అది."

"ఆయన బతికున్నాడో లేదో. మనం మాత్రం ఖర్మకాలి బతికే ఉన్నాం."

ఈయన కోటు దించి బల్లమీద పరిచాడు. కుట్లు విప్పుతూ రెండుసార్లు ఆగి వీధివైపు చూశాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

పది రోజులకు గుమాస్తా వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు.

"ఉద్యోగం ఊడి ఏడాదైంది మాస్టారూ. ఇన్నాళ్లకు ఇంటర్వ్యూకి పిలిచారు, రేపు పొద్దున పదింటికి. నా కోటు ఉందిగా?"

ఈయన కొలతల టేపు చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. చివరికి నేనే చెప్పాను. విప్పించింది నేనేనని కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. "పోనీలెండమ్మా," అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ఈయన వీధివీధీ తిరిగి, తెలిసిన ప్రతి దర్జీనీ కోటు అరువడిగాడు. ఏదీ ఆ భుజాలకు పట్టలేదు. సాయంత్రానికి అతని చొక్కానే ఇస్త్రీ చేసి పంపాం. సిగ్గుతో చచ్చిపోయాను.

వారానికి మళ్లీ వచ్చాడు. ఉద్యోగం రాలేదు.

"కోటు లేకనేనా బాబూ?" అని అడిగేశాను.

"అబ్బే, అది కాదమ్మా. ముందే ఎవరినో పెట్టేసుకున్నారట. మమ్మల్ని ఊరికే పిలిచారంతే." నవ్వి, మంచినీళ్లు తాగి వెళ్లాడు.

అప్పటినుంచీ ఈయన మిషన్ ముందు కూర్చుంటాడు గానీ తొక్కడు. రోజూ అదే ప్రశ్న. "నిజంగానే ముందు పెట్టేసుకున్నారంటావా? మనం బాధపడతామని అలా అన్నాడా?"

"నిజమేనండీ," అంటాను. ఆ కంపెనీ ఎక్కడుందో నాకు తెలుసు. వెళ్లి అడగాలంటే భయం.