చాటెడు తవుడుకు కొన్న కొడుకు

సిద్దిపేటలో సాంఘిక శాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి నేను. ఆ వారం పదో తరగతికి యుద్ధాల పాఠం నడుస్తోంది. లక్షలమందిని చంపారని చదవగానే ముందు బెంచీ పిల్ల లేచి, వాళ్లంతా రాక్షసులా సార్ అని అడిగింది. కాదమ్మా, సాయంత్రం ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లే అన్నాను. మరి చేతులెట్లా వచ్చాయంది. పుస్తకంలో ఉన్న కారణాలన్నీ అప్పజెప్పాను. పిల్ల కూర్చుంది గానీ నమ్మలేదు. నేను మాత్రం నమ్మానా ఏమిటి!

ఆ సాయంత్రం మా అమ్మ దగ్గరికి పక్కింటాయన వచ్చాడు. అమ్మను నేను అవ్వ అంటాను. మంచివాడే. అవ్వ జారిపడితే దవాఖానకు మోసుకుపోయినవాడు. ఆయన ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని, బొంతలు కుట్టుకునే ముస్లిం ముసలామె ఉంటుంది. నేను ఆమెను ఖాలా అంటాను, పెద్దమ్మ అన్నట్టు. ఎక్కడో దూరదేశంలో ఎవరో ఎవరినో చంపిన వీడియో అప్పుడు అందరి ఫోన్లలో తిరుగుతోంది. ఆయన ఆ సంగతే ఎత్తితే, దానికీ ఖాలాకూ ఏం సంబంధమన్నాను. ఆమె మీద కోపం లేదట. పాపం మంచిదేనట. కాకపోతే వీధిలో అందరూ అనుకుంటున్నారట, తానొక్కడే కాదంటే బాగుండదట, నెలాఖరుకు గది ఖాళీ చేయిస్తాడట. వీధికి పెద్దది గనుక మా అవ్వ కూడా సరేనంటే చాలట. అంత మెత్తగా చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అరవబోయాను. అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"వీడు నా కొడుకు గాదు బిడ్డా," అంది నన్ను చూపిస్తూ. "ఆమె కొడుకు. ఆమెను పొమ్మంటె వీడు గూడ పోవాలె. పోయి అందరికి జెప్పు."

నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని మా వైపు ఆనవాయితీ ప్రకారం, పుట్టగానే నన్ను చాటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలారు. అక్కరలేని బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం. అలాంటి బిడ్డను ఎవరో ఒకరు కొనుక్కోవాలి. ఖాలా చాటెడు తవుడు పోసి కొనుక్కుంది. నేను ఇదంతా ఉత్తిదే అని నవ్వేవాణ్ణి. అవ్వకు మాత్రం అది నిజంగా అమ్మకమే. ఖాలా బిడ్డను అడిగి తెచ్చుకుని సాకుతున్నానని అనేది.

పక్కింటాయన అవ్వ వైపు తిరిగాడు. ఎవరైనా అడిగితే నువ్వే వద్దన్నావని చెప్పనా అవ్వా అన్నాడు. చెప్పమంది. బరువు దిగినట్టు లేచి వెళ్లాడు. కాదనేవాళ్లు ఒక్కరు దొరికితే చాలని ఆయన కూడా ఎదురుచూస్తున్నాడేమో!

సంగతి చెబుదామని అవ్వను పట్టుకుని ఖాలా గదికి వెళ్లాను. అప్పటికే సామానంతా మూటలు కట్టి గోడవారన పెట్టింది. నీకెవరు చెప్పారని అడిగాను.

"ఎవరు జెప్తరు బేటా. వారం సంది పెరుగు తోడుకు ఒక్కలు వస్త లేరు."

పాలు తోడేయడానికి వీధి వీధంతా ఆమెనే అడగడం అలవాటు. అవ్వ ఆ మూటల పక్కనే చతికిలబడింది.

"పాలు సల్లారిపోతున్నయక్కా. ఇంత పెరుగియ్యి," అంది.

మా ఇంట్లో గిన్నెడు పెరుగుంది. ఖాలా చిన్న గిన్నె కోసం మూట విప్పబోయింది. ముడి రాక నన్ను రమ్మంది.