చప్పుడు లేని మెట్లు

తెగిన గుండీ కంటపడితే ఆమె ఊరుకునేది కాదు. దారినపోయే మనిషినైనా ఆపి, చొక్కా ఒంటిమీద ఉండగానే కుట్టేసేది. అందుకే వీధిలో అందరికీ గుండీలక్క అయింది. ముందుగదిలో కిటికీ కింద కుట్టుమిషను, ఆ పక్కనే అత్త మంచం. భర్త లారీ ప్రమాదంలో పోయాక ఆ ఇంట్లో ఈ ఇద్దరే మిగిలారు. పుట్టింటికి వచ్చెయ్యమని అన్న ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు.

"నేనొచ్చేస్తే ఈవిడతో పోట్లాడేదెవరు?" అనేది.

నిజంగానే పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్ళు. కూరలో ఉప్పెక్కువైందని అత్త అంటే, నీ నాలుకే మొద్దుబారిందని కోడలు. ముసలామెకు చూపు కొద్దికొద్దిగా తగ్గి, చివరికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియకుండా పోయింది. చూపు పోయినా పెత్తనం మాత్రం పోలేదు. అందుకు గుమ్మం ముందున్న రెండు బండలే ఆధారం.

ఇల్లు వీధికన్నా ఎత్తులో ఉంటుంది. కట్టేటప్పుడు మెట్ల దాకా వచ్చేసరికి ఓపిక అయిపోయి, ముసలామె కొడుకు ఎక్కడినుంచో రెండు బండలు తెచ్చి ఒకదానిమీద ఒకటి వేశాడు. పైది సరిగా కూర్చోలేదు. ఎవరు కాలు పెట్టినా టక్కుమనేది. ఆ చప్పుడును బట్టి వచ్చిందెవరో ముసలామె చెప్పేసేది.

"రా టీచరమ్మా! ఇవాళ సంచి బరువుగా ఉన్నట్టుందే?"

"ఏం నాయనా, మోకాలు నొప్పి ఇంకా తగ్గలేదా?"

వచ్చినవాళ్ళు గుమ్మం దాటకముందే పలకరింపు ఎదురొచ్చేది. కళ్ళున్న మనకే ఇన్ని తెలియవు కదా అని నవ్వుకునేవాళ్ళు.

ఒక వానరోజు, కుట్టిన బట్టలు తీసుకుని దిగుతున్న ఒకామె బండ ఒరిగి జారిపడింది. మణికట్టు విరిగింది. గుండీలక్క ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి తిరిగొచ్చి, తడిబట్టలతోనే మంచం దగ్గర నిలబడింది.

"ఆ బండలు తీసేయించి కాంక్రీటు మెట్లు కట్టిస్తా."

"బండేం చేసిందే? చూసుకుని నడవాలి."

"చూసుకుని నడవమని నువ్వా చెప్పేది!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఈసారి పడేది అత్తే అన్న భయం గుండీలక్కకు పోలేదు.

మేస్త్రి వచ్చాడు. నేల తవ్వి, చెక్కలు బిగించి, రసమట్టం పెట్టి ఎత్తుపల్లాలు చూసుకున్నాడు. పాత బండల్ని సుత్తితో పగలగొట్టి లోపల నింపడం మొదలుపెట్టాడు.

"ఏం కొడుతున్నారే?" లోపల్నుంచి అడిగింది ముసలామె.

"బండలు అత్తా. అడుగున వేస్తే గట్టిగా ఉంటుందట."

పైన కాంక్రీటు పోసి నున్నగా తీశాడు మేస్త్రి. అది ఆరేదాకా పెరటి తలుపు వాడుకున్నారు. గుండీలక్క గోనెసంచులు కప్పి, పొద్దునా సాయంత్రం తానే నీళ్ళు పట్టింది. పట్టుకోవడానికి గోడకు ఇనపగొట్టం కూడా పెట్టించింది. సంచులు తీసిన రోజు అత్తను చెయ్యిపట్టి దింపి, మళ్ళీ ఎక్కించింది.

"ఎలా ఉంది?"

"బాగుంది. ఎవరింటికో చుట్టంచూపుగా వచ్చినట్టుంది."

మర్నాడు టీచరమ్మ ఎప్పటిలాగే లోపలికొచ్చి ముసలామె భుజంమీద చెయ్యి వేసింది. ముసలామె కెవ్వుమని అరిచి కర్ర ఎత్తింది. టీచరమ్మ నవ్వేసింది గానీ, ముసలామె చాలాసేపటికి గానీ కర్ర కింద పెట్టలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా ఉలికిపాటే. లోపలికొచ్చే ముందు పిలవమని గుండీలక్క అందరికీ చెప్పింది. కొందరు పిలిచేవారు, కొందరు మరిచిపోయేవారు. తలుపుకు గంట కట్టింది.

"గంట మోగితే ఎవరో వచ్చారని తెలుస్తుంది. ఎవరొచ్చారో తెలియదు కదే," అంది అత్త.

గుండీలక్క మళ్ళీ మేస్త్రి దగ్గరకు వెళ్ళింది. పై మెట్టుమీద కదిలే బండ ఒకటి వెయ్యమంది.

"ఊగే మెట్టు కట్టమంటావా తల్లీ? నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు," అన్నాడతను.

చివరికి ఆమే ఒక పలకరాయి మోసుకొచ్చి మెట్ల ముందు వేసి, ఎక్కి దిగి చూసింది. అది ఊగింది కానీ పలకలేదు. ముసలామె తలుపు దగ్గర చెవి పెట్టి విన్నది.

"ఎందుకే నాకోసం ఈ పాట్లు? తీసెయ్. కాలికి తగిలి ఎవరైనా పడతారు."

ఆ వారంలోనే మంచం వెనకగదిలోకి మార్పించుకుంది. అక్కడికి ఎవరూ రారు కాబట్టి భయం లేదంది. పోట్లాటలు ఆగిపోయాయి. ఒకరోజు గుండీలక్క కావాలనే కూరలో ఉప్పు ఎక్కువ వేసి, కంచం ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ముసలామె మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట గుండీలక్క అన్నం తినలేదు.

చలికాలంలో ముసలామెకు దగ్గు పట్టుకుంది. మందులకు లొంగలేదు. ఒక తెల్లవారుజామున ప్రాణం పోయింది.

వీధిలోని మగవాళ్ళు నలుగురు ఆమెను మోసుకుని బయటికొచ్చారు. మెట్లు దిగాక వాళ్ళలో ఒకాయన ఊపిరి తీసుకుంటూ, "మంచి పని చేశావమ్మా. ఆ పాత బండలైతే దింపడానికి నానా తంటాలు పడేవాళ్ళం," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు పాపం. గుండీలక్క తలూపింది.

తర్వాత మిషనును వెనకగదిలోకి మార్చుకుంది. బట్టలిచ్చేవాళ్ళు ఇప్పుడు గుమ్మంలో నిలబడి పిలవాలి. ఒక్కోసారి గొంతు పెంచి పిలిచినా పలకదు. మిషను కూడా ఆగే ఉంటుంది.