రెత్నానింగ్ మానేసిన మాట

జావా ద్వీపంలో క్లాతెన్ ఊరి చుట్టుపక్కల ఏ పెళ్లయినా మైకు దర్మోసువితో చేతికే వచ్చేది. పెళ్లివారికి స్వాగతం పలకడానికి జావా భాషలో ‘పెద్దల మాట’ అని, మర్యాదకు వాడేది వేరే ఉంది. ఆయన నోట అది వింటూ వంటవాళ్లు సైతం గరిటెలు ఆపేవారు.

ఆయన మనవరాలు రెత్నానింగ్‌కి ఏడేళ్లప్పుడు ఒక పెళ్లి పందిట్లో, నలుగురి మధ్యా ఆయన "తిన్నావా తల్లీ?" అని అడిగాడు. పిల్ల చేతులు కట్టుకుని, ఎంతో శ్రద్ధగా, "ఆరగించాను తాతయ్యా" అంది. పెద్దలకు వాడే మాట తనకే వాడుకుంది.

"విన్నారా! మహారాణీవారు ఆరగించారట!" అని ఆయన పకపకా నవ్వాడు. పందిరంతా నవ్వింది. పిల్ల ముఖం చిన్నబోయింది.

మర్నాటి నుంచి తాతతో బడిలో నేర్పే ఇండోనేషియా భాషే. అందులో ఎవరు తిన్నా ఒకటే మాట, తప్పుతుందన్న భయం లేదు. స్నేహితులతో మామూలు జావా గలగలా మాట్లాడేది. కానీ ఆ మాటలు తాత ముందు అంటే అమర్యాద. పెద్దల మాటకా, నోరు పెగలదు. ఆయన మొదట అలకనుకున్నాడు. తను మాత్రం పట్టుదలగా జావాలోనే జవాబిచ్చేవాడు. అలాగే ఇరవై ఏళ్లు గడిచాయి.

ఈలోగా పెళ్లిళ్లూ మారాయి. "పెద్దాయనా, కుర్రకారుకి అర్థం కావట్లేదు, కాస్త కుదించండి" అనేవారు. కుదించగా కుదించగా ఆయన్ని పిలవడమే మానేశారు.

పక్షవాతంతో ఆయన మంచం పట్టాక రెత్నానింగే అన్నీ చూసుకుంది.

"తాతయ్యా, మీకు ఇంకేమైనా కావాలా?" అంది ఒక పొద్దున.

"బ్యాంకులో గుమాస్తాలా అడుగుతావేమే! ఒక్కసారి మన మాటలో అడుగు."

"తప్పులొస్తాయి తాతయ్యా."

"రానీ. మా తాత లెక్కన నేను మైకులో పలికినవాటిలో సగం తప్పులే. తిట్టి తిట్టి పోయాడు. ఇప్పుడవే ఒప్పులు. మాటన్నాక మారదూ? మారితే బతికే ఉంటుంది. ఆ రోజు నేను నవ్వి నీ నోరు కట్టేశాను."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. రెండు మాటలు అంది. మూడోది ఎంత వెతికినా దొరకలేదు. కళ్లనీళ్లు పెట్టుకుని, మిగతాది ఇండోనేషియాలోనే అడిగింది.

"పర్లేదులేమ్మా, ఏమీ వద్దు" అన్నాడాయన. ఆ మాట ఇండోనేషియాలో అన్నాడు. ఆమెతో ఆ భాష మాట్లాడటం అదే మొదలు. ఆ తర్వాత బతికిన మూడు వారాలూ జావా ఊసెత్తలేదు.

అంతిమయాత్ర ముందు పోయినవారిని తలుచుకుంటూ పెద్దల మాటలో ఎవరో ఒకరు ప్రసంగించడం ఆనవాయితీ. పొరుగూరి యువకుడెవరో ఫోనులో చూసి తడబడుతూ చదివాడు. తాత గురించి ఏం చెబుతున్నాడో రెత్నానింగ్‌కి సగమే తెలిసింది. పక్కనున్న పొరుగింటావిడను, "పిన్నీ, ఆ మాటకి అర్థమేంటి?" అని మెల్లగా అడిగింది.

"ఏమోనే" అందావిడ, కళ్లు తుడుచుకుంటూ. "మంచి మాటే అయ్యుంటుందిలే."